పళ్లెం మార్చినవాడు

సిద్ధయ్యకు ఏముందో, నాకు ఏముందో ఎవరైనా పక్షపాతం లేకుండా తూకం వేసి చూడండి. నాకు కువైట్‌లోని హవల్లీలో కిరాణా కొట్టు ఉండేది. అక్కడ బకాలా అంటారు. బోర్డు మీద పేరు నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్‌ది, లోపల చాకిరీ, తెలివీ నావి. కొట్టు మీది అంతస్తులోనే మూడు గదుల ఇల్లు, ప్రతి గదికీ ఏసీ. సిద్ధయ్య దజీజ్‌లో ఒక గోదాము దగ్గర మూటలు దించే మనుషులకు మేస్త్రీ. గోదాము వెనక రేకుల గదిలో పడుకునేవాడు. నాకు అరబ్బీ చదవడం, రాయడం వచ్చు. అతనికి కానివ్వండి అనే ‘యల్లా’, అయిపోయింది అనే ‘ఖలాస్’ తప్ప మూడో మాట రాదు. ఇంత తేడా ఉన్నా శుక్రవారం వస్తే మనవాళ్లు నా చల్లని గది దాటుకుని, బస్సెక్కి, దజీజ్ ఎండలో దిగి ఆ రేకుల కింద కూర్చునేవారు. అందులో ఏం లాభం చూశారో నాకు ఎన్నేళ్లయినా అర్థం కాలేదు.

మాది రాయచోటి, అతనిది సుండుపల్లె. పక్కపక్క ఊళ్లు. దూరపు ఊళ్ల మీద ఎవరికీ పంతం ఉండదు. కోడూరు వాళ్లు గెలిస్తే మాకేమిటి, ఓడితే మాకేమిటి? పక్క ఊరివాడు గెలిచిన రోజే ముద్ద గొంతు దిగదు.

ఆట వాలీబాల్. కువైట్‌లో మా ఆటలన్నీ ఎండాకాలంలోనే జరిగేవి. వింటే పిచ్చితనంగా ఉంటుంది గానీ దానికి కారణం ఉంది. ఎండలు ముదిరితే అరబ్బులు కుటుంబాలతో సహా చల్లని దేశాలకు వెళ్లిపోతారు. ఇళ్లల్లో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్లకు, తోటమాలులకు అప్పుడే కాస్త ఊపిరి ఆడుతుంది. పొద్దు వాలాక ఖాళీ జాగాలో ఇసుక అణిగేదాకా నీళ్లు చల్లి, వీధి దీపం కింద నెట్ కట్టి ఆడేవాళ్లం. గెలిచినవాళ్లకు వఫ్రా తోటల నుంచి ఒక పొట్టేలు వచ్చేది. ఆ పొట్టేలును ఓడినవాళ్లు వండి, గెలిచినవాళ్లను వరసగా కూర్చోబెట్టి వడ్డించాలి. అది ఆనవాయితీ. పొట్టేలు పోయిందని ఎవరూ ఏడవరు. గరిటె పట్టుకుని సిద్ధయ్య ముందు వంగాలే, అదీ బాధ. మూడేళ్లు వరసగా ఫైనల్‌కు వచ్చి మూడేళ్లూ వంగాను.

మొదట్లో ఎవరు ఏ ఊరి జట్టో తేల్చడానికే కొట్లాటలు అయ్యేవి. ఒకడు పుట్టింది మా వైపు, అత్తగారిల్లు వాళ్ల వైపు. ఇంకొకడి పొలం ఒక ఊళ్లో, ఇల్లు ఒక ఊళ్లో. ఈ గొడవ తెగడానికి నేనే ఒక కట్టుబాటు చెప్పాను. పెళ్లాం పిల్లలు లేకుండా ఉండే మగవాళ్లంతా మెస్సు పెట్టుకుని ఒకే డేగిశాలో వండుకుంటారు గదా. ఆట రోజు పొద్దున ఎవడు ఏ డేగిశాలో అన్నం తింటే వాడు ఆ జట్టు. ఊరి పేరు అడగొద్దు, పళ్లెం ఎక్కడుందో చూడండి. అందరికీ నచ్చింది. సిద్ధయ్యకు మరీ నచ్చింది.

నాకు నచ్చిన కారణం వేరు. బకాలా నాది. మంచి పాత బియ్యం నా దగ్గర, నెయ్యి నా దగ్గర, ఊరి నుంచి తెప్పించిన ఎండుమిరపకాయలు నా దగ్గర. రుచి ఎక్కడుంటే ఆటగాడు అక్కడికి వస్తాడు. వ్యాపారి ఎవడైనా ఇలాగే ఆలోచిస్తాడు. నేను ఆలోచించింది తప్పని ఈరోజుకీ ఒప్పుకోను.

మునీంద్ర అలాగే వచ్చాడు. వఫ్రాలో టమాటా తోటలో పనిచేసేవాడు. మాకూ సుండుపల్లెకూ మధ్య ఉన్న పల్లెవాడు. ఒకసారి తోట నుంచి సరుకు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, టమాటా పెట్టెను కిందినుంచి లారీ మీదికి ఎగిరి అందించడం చూశాను. వాడి చెయ్యి లారీ పైకప్పు దాటి వెళ్లింది. ఆ చేతిని చూడగానే నాకు నెట్ కనబడింది. మా కఫీల్ చుట్టానికి హవల్లీలో ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే కొట్టుంది. ఆయన్ను పట్టుకుని, బతిమాలి, వాణ్ని ఇసుకలోంచి తీసి ఆ కొట్టులో పెట్టించాను. ఫ్రిజ్‌ను ఒక్కడే వీపున వేసుకుని మెట్లెక్కేవాడు. నా గదిలో మంచం ఇచ్చాను. వాడి పేరు చెక్కించిన స్టీలు పళ్లెం ఇచ్చాను. తొంభయ్యో సంవత్సరం ఆ ఎండాకాలమంతా మా జట్టు ఒక్క ఆటా ఓడలేదు.

ఫైనల్ ఆగస్టు మూడో తేదీ, శుక్రవారం అనుకున్నాం. అవతలివైపు ఎప్పటిలాగే సిద్ధయ్య.

ఇంకో వారం ఉందనగా కొట్టు మూసి పైకి వచ్చేసరికి గోడకు మునీంద్ర పళ్లెం లేదు. వాడు సంచి సర్దుకుంటున్నాడు.

“యాడికిరా అబ్బీ?” అన్నాను.

“దజీజ్‌కు పోతాండా అన్నా. సిద్ధయ్య మామోళ్ల మెస్సుకు.”

“ఏం, ఈడ బువ్వ బాగలేదా?”

“బాగుంది.”

“ఎవడన్నా ఏమన్నా అన్యాడా?”

“ఎవరేమంటారన్నా.”

“మరి ఆ రేకుల్లో చెమట కార్చుకుంటా పడుకునేకి ఏం రోగం నీకి? నిన్ను వఫ్రాలో నుంచి తెచ్చిందెవరు? ఈ పళ్లెం ఎవరిచ్చినారు?”

వాడు పళ్లెం సంచిలోంచి తీసి మంచం మీద పెట్టాడు. “ఇదిగోన్నా. ఆడ ఆకులో తింటాలే” అని మెట్లు దిగిపోయాడు. కువైట్‌లో ఆకు ఎక్కడ దొరుకుతుందో వాడికే తెలియాలి. దిగిపోయాక నాకు ఆ సంగతి తట్టి మరీ మండింది.

నిజం చెప్పాలంటే ఆ వారమంతా కొట్టులో తూకాలు తప్పాను. నేను కనిపెట్టిన మనిషి. నేను తెచ్చిన చెయ్యి. ఆ చేత్తో సిద్ధయ్య నా మీద బంతి కొట్టిస్తాడు. పోనీ, సిద్ధయ్య ఏదైనా ఆశ చూపించి లాక్కున్నాడా అంటే, అదీ లేదట. దజీజ్ నుంచి వచ్చిన మా మనిషి చెప్పాడు: వాడే వచ్చి గడప దగ్గర నిలబడితే సిద్ధయ్య “జరగండప్పా” అన్నాడట, అంతే. ఆశ చూపించి ఉంటే దానికి మించిన ఆశ నేను చూపించేవాణ్ని. ఏమీ చూపించనివాడి మీద పోటీకి ఏం పెట్టి నిలబడతాం?

గురువారం తెల్లారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లో ఉంది.

ఆ సంగతి లోకమంతా చెప్పుకుంది, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాకు తెలిసింది మా వీధి. హవల్లీ రోడ్డు మీద ట్యాంకు వెళ్తుంటే గాజు సీసాలు అరల్లో టకటకమని కొట్టుకున్నాయి. జనం అప్పుడే రొట్టెల కోసం పరిగెత్తుతున్నారు. నేను కొట్టు ముందు భాగంలో కొంచెం సరుకు వదిలి, షట్టర్ సగం దించి, వెనక తలుపు నుంచి బియ్యం బస్తాలన్నీ మావాళ్ల చేత పైకి మోయించాను. మంచాల కాళ్లు తీసేసి బస్తాల మీదే పరుపులు పరిపించాను. రెండో రోజు సైనికులు వచ్చి కొట్టులో కనబడినదంతా పట్టుకుపోయారు. పరుపుల కింద చూడాలని వాళ్లకు తోచలేదు. మునీంద్ర పనిచేసిన ఫ్రిజ్‌ల కొట్టు అయితే గోడలు మిగిలాయి, అంతే.

అందరూ భయపడుతున్నారు. నేనూ భయపడ్డాను. అయితే శుక్రవారం సాయంత్రం బయట కాల్పులు వినబడుతుంటే, ఈ పాటికి రెండో గేము అయ్యేది గదా అని నాకు అనిపించింది. ఇది చెబితే ఎవరూ నమ్మరు. పక్క ఊరు ఉన్నవాడైతే నమ్ముతాడు.

వారం తిరక్కుండానే సిద్ధయ్య వచ్చాడు. దజీజ్ గోదాములన్నీ సైన్యం దోచేసింది, వాళ్ల రేకుల గదిలో సైనికులు దిగారు. మనుషులను వెంటబెట్టుకుని, సందుల్లో నక్కుతూ, నడిచి వచ్చాడు. వెనకాల మునీంద్ర, భుజాన ఒక ముసలాయన సంచి, చంకలో వాలీబాల్.

గుమ్మంలో నిలబడి సిద్ధయ్య నవ్వాడు. పెదాలు ఎండి పగిలాయి.

“కరీమన్నా, ఫైనల్‌కు వచ్చినాం. లేటయింది.”

“రాండప్పా” అన్నాను. ఇంకేమంటాను?

మా పక్క ఇంట్లో రెడ్డెమ్మ ఉండేది. సుండుపల్లె మనిషి. పనిచేసే ఇంటి యజమానురాలు పిల్లలతో సహా దేశం దాటి వెళ్లిపోతే ఒంటరిగా ఉండలేక మరికొందరు ఆడవాళ్లతో అక్కడ తలదాచుకుంది. అందరికీ వంట తనే చేసేది. ఆ రోజు డేగిశా దించి, గరిటె పట్టుకుని అందర్నీ చూసి అంది:

“ఏం మామా సిద్ధయ్యా, మూడేండ్లు మా అన్న నీకు వడ్డించినాడు. ఇప్పుడు చూడు, నీ మంద అంతా మా అన్న డేగిశా కాడికే వచ్చింది.”

అందరూ నవ్వారు. నాకు కడుపు నిండింది. మునీంద్ర తలొంచుకుని తింటున్నాడు. వాడు మంచం మీద వదిలి వెళ్లిన పళ్లెంలోనే తింటున్నాడు. నేనే తీసి ముందు పెట్టాను.

“కట్టుబాటు తెలుసు గదరా అబ్బీ” అన్నాను. “ఎవరి డేగిశా అయితే వాళ్ల జట్టు. ఇంగ నువ్వు నావాడివి.”

వాడు ఏదో అనబోతుంటే సిద్ధయ్య నోట్లో ముద్దతోనే అందుకున్నాడు. “వాడొక్కడేనా? నేను గూడా నీ జట్టే గదన్నా. మేమంతా నీ జట్టే. ఇంగ ఎవరి మీద ఆడతావు, ఇరాకోళ్ల మీదనా?”

గది కూలిపోయేట్టు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం లోపల గుచ్చుకుని ఉండిపోయింది. సిద్ధయ్య అన్నది నిజం. నా కట్టుబాటు ప్రకారం నాకు ఇక ప్రత్యర్థే లేడు. నా అన్నం తిని సిద్ధయ్య నా చేతుల్లోంచి ఫైనల్‌ను కూడా జారవేశాడు.

ఆ తర్వాత రోజులు నాకు ఎలా గడిచాయో చెబుతాను. బియ్యం నావి, గదులు నావి, బయట సైనికులు ఆపితే అరబ్బీలో మాట్లాడి విడిపించేది నేను. సాయంత్రం కర్ఫ్యూ పడ్డాక మాత్రం అందరూ చేరేది సిద్ధయ్య కూర్చున్న మూలకు. అతనేదో చెబుతాడు, ఊళ్లో ఆంబోతు బస్సెక్కిన కథ, లేకపోతే కఫీల్ కుక్కకు తెలుగు నేర్పిన కథ. ఇళ్ల మీది దిగులుతో ఏడ్చేవాళ్లు సైతం ఆ మూలలో నవ్వేవారు. నేను రేడియో పట్టుకుని వార్తలు చెప్పబోతే “ఆగన్నా, ఈ ముక్క అయిపోనీ” అనేవారు. మునీంద్ర అతని మోకాలికి ఆనుకుని కూర్చునేవాడు. నాకు అన్నం పెట్టే అదృష్టం ఉంది, అతనికి తినే అదృష్టంతో పాటు మిగతా అదృష్టాలన్నీ ఉన్నాయి.

చివరికి నాకొక ఉపాయం తట్టింది. రెండు డేగిశాలు ఉంటే రెండు జట్లు ఉంటాయి.

మరుసటి రోజు అందరి ముందూ అన్నాను: “సిద్ధయ్యా, ఇంతమందికి ఒక డేగిశాలో అయ్యే పని కాదప్పా. అన్నం అడుగంటుతాంది. బియ్యం సగం నువ్వు తీసుకో. మిద్దె మీద ఇంకో పొయ్యి పెట్టుకో. ఎవరికి యాడ ఇష్టమో ఆడ తిననీ.”

ఊరంతా బియ్యం కోసం కొట్టుకుంటున్న రోజులవి. సగం బియ్యం ఎత్తి ఇచ్చేవాణ్ని ఎవరు చూశారు? ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. రెడ్డెమ్మ నా వైపు అనుమానంగా చూసింది.

సిద్ధయ్య నా చేయి పట్టుకున్నాడు. “అన్నా, నీ మనసు—”

“మనసు గినసు వద్దులే. శుక్రవారం ఫైనల్ ఆడాల, అంతే.”

“అదా సంగతి!” అంది రెడ్డెమ్మ. “నేను ఇంకా అన్నకు పుణ్యం మీద మనసు పోయిందేమో అనుకుంటి.”

బియ్యం సగమన్నాను గానీ ఏ సగం ఇచ్చానో నాకు తెలుసు. పాత సన్నబియ్యం నా వైపు, ముక్కిన దొడ్డుబియ్యం వాళ్ల వైపు. పచ్చడి జాడీలు నా వైపు. ఇది మోసం కాదు, సరుకు నాది. మునీంద్ర ముందు రెండు డేగిశాలు పెట్టి, వాణ్ని చూస్తూ కూర్చున్నాను.

వాడు నా డేగిశాలోనే తిన్నాడు. మొదటి రోజు, రెండో రోజు, ఆ మరుసటి రోజు కూడా. నేను వాడి పళ్లెంలో నెయ్యి వేసేవాణ్ని. “తిను అబ్బీ, ఇది మూడేండ్ల పాత బియ్యం, ఇట్లాంటిది ఇప్పుడు కువైట్ మొత్తంలో దొరకదు” అనేవాణ్ని. మిద్దె మీద సిద్ధయ్యవాళ్లు సద్దు చేస్తూ దొడ్డన్నం తింటుంటే వాడు ఒక చెవి అటు పెట్టేవాడు. చెవి ఎటుంటే నాకేమిటి, పళ్లెం ఇక్కడుంది.

దానికి తోడు గురువారం నాడు సిద్ధయ్య జట్టులో మహమ్మద్ గౌస్ అనేవాడు ఏదో లారీలో చోటు దొరికిందని బస్రా వైపు వెళ్లిపోయాడు. వాళ్లలో ఆడగలిగినవాళ్లు ఐదుగురే మిగిలారు. మిగతావాళ్లు ముసలివాళ్లు, జ్వరంతో పడుకున్నవాళ్లు. ఐదుగురితో వచ్చిన సిద్ధయ్య మీద ఆరుగురితో, అందులోనూ మునీంద్రతో ఆడటం. ఇంతకన్నా మంచి బేరం నా జన్మలో రాలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. సైన్యం వచ్చాక అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున రెడ్డెమ్మ మా డేగిశా దించింది. అందరం కూర్చున్నాం. మునీంద్ర పళ్లెం తీసుకున్నాడు, కూర్చోలేదు. గడప దాటి మెట్ల వైపు నడిచాడు.

“రేయ్” అన్నాను.

ఆగాడు.

“నీకేం తక్కువ చేసినాను?”

“ఏం తక్కువ చెయ్యలేదన్నా.”

“ఆడ ఏం ఎక్కువుంది? ముక్కిపోయిన బియ్యం. పచ్చడి గూడా లేదు.”

వాడు పళ్లెం అటూ ఇటూ తిప్పాడు. పెద్దవాళ్లతో వాదించడం వాడికి చేతకాదు.

“ఆడ నన్ను ఎవరూ రమ్మనలేదన్నా. ఐదుగురైనా గూడా సిద్ధయ్య మామ అడగల్యా. అందుకే పోతాండా.”

పైకి వెళ్లాడు. కాసేపటికి మిద్దె మీద “జరగండప్పా, జరగండి” అని సిద్ధయ్య గొంతు వినబడింది. అదే మాట. అంతకు మించి ఒక్క ముక్క లేదు. నా ముందు సన్నన్నం పొగలు కక్కుతోంది. రెడ్డెమ్మ గరిటెతో నా పళ్లెంలో వేస్తూ “తినన్నా, ఆడాల గదా” అంది. ఎగతాళి లేకుండా అంది, అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

మా సందు చివర మూతబడిన ఒక బడి ఉంది. దాని లోపలి ఆవరణలో ఆడాం. నెట్ దజీజ్‌లోనే పోయింది. రెండు స్తంభాల మధ్య తాడు కట్టి వరసగా లుంగీలు ఆరేశాం. గీతలకు ఇటుక ముక్కలు పేర్చాం. కర్ఫ్యూ లోపల ముగించాలి. గేటు దగ్గర ఇద్దరు ఇరాకీ సైనికులు వచ్చి తొంగి చూశారు. మావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే బిగుసుకుపోయారు. నేను వెళ్లి ఆట అని చెప్పాను. వాళ్లలో చిన్నవాడు తుపాకీ ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని, “యల్లా” అన్నాడు. అలా ఒక సైన్యం కూడా చూస్తుండగా ఫైనల్ మొదలైంది.

మునీంద్ర చోటులో ఇంకొకణ్ని నిలబెట్టాను. మొదటి గేము మాది. సిద్ధయ్యవాళ్లు నడిచీ, పస్తులుండీ అలిసిపోయినవాళ్లు. రెండోది వాళ్లది, అది మునీంద్రది అనాలి. లుంగీల మీదుగా వాడి ముఖం పైకి లేచేది, ఆ తర్వాత చెయ్యి, ఆ తర్వాత మా కాళ్ల దగ్గర దుమ్ము. ఆ చేతిని వఫ్రాలో మొదట చూసింది నేను. వాడు కొట్టిన ప్రతిసారీ నా ఒళ్లు ముందు గర్వపడేది, ఆ తర్వాతే పాయింటు పోయిందని తెలిసేది.

మూడో గేములో సరిసమానంగా వెళ్లాం. సిద్ధయ్య ఊరికే ఉండే మనిషి కాదు.

“కరీమన్నా, నీ నెయ్యి వాని చేతిలో పనిచేస్తాంది చూడు!”

“అరిగిందాక ఆగప్పా!” అన్నాను.

“ఓ అన్నా, మాటలు తగ్గించి మోకాళ్లు వంచు!” అని రెడ్డెమ్మ గట్టు మీంచి అరిచింది. అది సుండుపల్లె మనిషి అయినా ఆ రోజు ఎవరి వైపు అరుస్తోందో దానికే తెలియదు.

గేము పదిహేనుకు. పద్నాలుగు, పదమూడు. ముందున్నది వాళ్లు. సర్వీసు వాళ్లది. బంతి రెండుసార్లు అటూ ఇటూ తిరిగి సిద్ధయ్య చేతికి వెళ్లింది, అతను పైకి ఎత్తి ఇచ్చాడు, మునీంద్ర ఎగిరాడు. నేను వెనక మూలలో ఉన్నాను. బంతి నా మీదికే వస్తోంది, పొడవుగా వస్తోంది. వ్యాపారం చేసేవాడి కన్ను నాది. బయటికి పోతుందని అంచనా వేశాను, చేతులు దించి పక్కకు జరిగాను. బంతి ఇటుక ముక్కకు ఇవతల, బెత్తెడు లోపల పడింది.

నేను తప్ప ఎవరూ సరిగా చూడలేదు. మావాళ్లు “బయట! బయట!” అని గంతులు వేశారు. వాళ్లు “లోపల!” అన్నారు. ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకోబోయారు. గట్టు మీది సైనికుడు లేచి నిలబడ్డాడు. దాంతో అందరూ చల్లబడ్డారు.

సిద్ధయ్య లుంగీల కిందినుంచి వంగి ఇవతలికి వచ్చాడు. “కొట్లాట వద్దప్పా. దగ్గరున్నది కరీమన్న. అన్న ఏం చెప్తే అది.”

అందరూ నన్ను చూశారు. మునీంద్ర కూడా.

నా లెక్క నేను వేసుకున్నాను. బయట అంటే పాయింటు లేదు, సర్వీసు మాకు వస్తుంది, ఆట మిగిలే ఉంటుంది. ఎవరూ కాదనరు. సిద్ధయ్య అసలే కాదనడు. “సరేలే అన్నా, పోనీ” అంటాడు, ఆ పగిలిన పెదాలతో నవ్వుతాడు. ఆ నవ్వు నాకు కళ్లముందే కనబడింది. నేను గెలిచినా అది అతను నాకు ఇచ్చిన గెలుపు అవుతుంది. మనుషులను ఇచ్చినట్టు, నవ్వు ఇచ్చినట్టు, ఇదీ ఒంటిచేత్తో విసిరేస్తాడు. ఆ ‘పోనీ’ వినడం కన్నా ఓడిపోవడమే చవక.

“లోపలే పడింది” అన్నాను.

సుండుపల్లె వాళ్లు మునీంద్రను భుజాలకెత్తుకున్నారు. మావాళ్లు నన్ను చూసిన చూపులు చెప్పను. ముసలాయన ఒకడు నా దగ్గరికి వచ్చి “నిజాయితీ అంటే నీదే నాయనా” అన్నాడు. తలూపాను. ఆయనకు ఉన్న కారణం చెబితే ఏం బాగుంటుంది?

ఆనవాయితీ ఆనవాయితీయే. ఆ సాయంత్రం పొట్టేలు లేదు. చేపల డబ్బాలు తెరిచి రెడ్డెమ్మ పులుసు పెట్టింది. మావాళ్లు నాలో మంట చూసి, “యుద్ధం రోజుల్లో ఇవన్నీ ఎందుకులే అన్నా, ఎవరి బువ్వ వాళ్లు తిందాం” అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఓడినవాడిగా ఉండటం కూడా సగంలో వదిలేస్తే ఇక నాకేం మిగులుతుంది? గరిటె పట్టుకుని వరస మొదటినుంచి వంగుతూ వచ్చాను. సిద్ధయ్య పళ్లెంలో వేశాను. అతను “చాలన్నా” అన్నాడు. ఇంకో గరిటె వేశాను. మునీంద్ర దగ్గరికి వచ్చేసరికి వాడు పళ్లెం రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు, నేను ఎక్కువ వంగాల్సిన పని లేకుండా.

“ఆ బంతి బయటికి పోతాదనుకుంటి అన్నా” అన్నాడు మెల్లగా.

“నేనూ అట్లనే అనుకుంటి” అన్నాను.

రెండో రోజు సిద్ధయ్య వచ్చాడు. “అన్నా, బియ్యం అడుక్కి వచ్చినాయి. మళ్లా ఒకటే డేగిశా చేద్దామా?”

“వద్దు. వచ్చే శుక్రవారం ఇంకోసారి ఆడదాం.”

అతను నా ముఖం చూశాడు, పకపకా నవ్వాడు. “నీతో కాదన్నా” అన్నాడు గానీ ఒప్పుకున్నాడు. ఆ శుక్రవారం దాకా మమ్మల్ని ఉంచలేదు. మంగళవారం నాడే బస్సులు వచ్చాయి. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడినుంచి జోర్డాన్, ఆపైన విమానం అన్నారు. కొట్టుకు తాళం వేశాను. ఎవరి కోసం వేశానో తెలియదు.

అందరికన్నా ముందు వెళ్లి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటులో నా సంచి పెట్టాను. ఎక్కినవాళ్లు ఒక్కొక్కరూ అడిగారు, మనిషి ఉన్నాడని చెప్పాను. మునీంద్ర ఎక్కాడు. వరసలు చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. సంచిని చూశాడు.

“ఈడ ఎవరన్నా ఉండారా అన్నా?”

కూర్చో అబ్బీ అంటే సరిపోయేది. ఆ సీటు వాడి కోసమే పట్టుకున్నాను. కానీ నా నోటికి వచ్చింది వేరే. “ఉండారు” అన్నాను.

వాడు ముందుకు వెళ్లి రెడ్డెమ్మ పక్కన కూర్చున్నాడు.

చివర సిద్ధయ్య ఎక్కాడు, ముసలాయన్ను చేయి పట్టుకుని ఎక్కించి. అన్ని సీట్లూ నిండిపోయాయి. నేరుగా వచ్చి నా సంచిని ఎత్తి నా ఒళ్లో పెట్టి, “జరుగన్నా” అని కూలబడ్డాడు. అడగలేదు. హవల్లీ దాటకముందే గురక మొదలైంది. రోడ్డు గుంతలకు అతని తల ఊగి ఊగి నా భుజం మీద వాలింది. బరువు. రెండుసార్లు తోశాను, మళ్లీ వచ్చింది. మూడోసారి వదిలేశాను.

సరిహద్దు దగ్గర బస్సు ఆగినప్పుడు మునీంద్ర వెనక్కి తిరిగి చూశాడు. మా ఇద్దర్నీ అలా చూసి, పెద్దగా నవ్వాడు. ఎవరిని చూసి నవ్వాడో అడగాలనుకున్నాను. అడిగితే సిద్ధయ్య లేస్తాడు. కదలకుండా కూర్చున్నాను.